ఉత్తరానికి ఉన్న దారి రోగికి లేదా?

కొన్ని మాసాల క్రిందట మేము ఒక పెద్ద ఆసుపత్రి వరండాలో ఒక విశ్రాంత కీమాన్‌ను కలుసుకొన్నాము. ముప్పై సంవత్సరాలకు పైగా భుజాన సుత్తి మోసుకొని, తన బీటు పొడవునా పట్టాల వెంట నడిచిన కార్మికుడాయన. ఏ కిలోమీటరు రాయి దాటిన తరువాత ఏ కల్వర్టు వస్తుందో, ఏ మలుపులో ఏ చెట్టు ఉన్నదో కన్ను మూసుకొని చెప్పగలడు. చేతులు వణకుతున్నవని డివిజనులోని వైద్యుడు ఆయనను న్యూరాలజీ విభాగానికి పంపినాడు. భార్యతో కలిసి రాత్రంతా రైలులో ప్రయాణం చేసి వచ్చి, ఉదయం ఎనిమిది గంటలకే చీటీ తీసుకొని, ఎవరో చేయి చూపిన వైపు నడిచి, మూడు గంటలసేపు యూరాలజీ గది ముందు కూర్చున్నాడు. తన వంతు వచ్చిన తరువాత గాని పొరపాటు బయటపడలేదు. అసలు గది మరొక బ్లాకులో, రెండవ అంతస్తులో ఉన్నది. అక్కడికి చేరేసరికి ఓ.పీ. వేళ ముగిసినది. “చదవడం వచ్చును బాబూ, బోర్డు చదివినాను కూడా. చదివితే అదేమిటో తెలియాలి గదా!” అన్నాడాయన.

ఆ బోర్డు తెలుగు లిపిలోనే ఉన్నది. కాని న్యూరాలజీ, యూరాలజీ, నెఫ్రాలజీ అనేవి తెలుగు అక్షరాలలో వ్రాసినంత మాత్రాన తెలుగు మాటలు కాజాలవు. ఒకటి నరాలకు, ఒకటి మూత్రవ్యాధులకు, ఒకటి మూత్రపిండాలకు సంబంధించినదని తెలిసినవారికి తెలుసు. జ్వరంతోనో, నొప్పితోనో, భయంతోనో వచ్చిన మనిషికి ఆ మూడూ ఒకే మాట వలె వినబడతాయి. ఇక చదువు రానివారి సంగతి చెప్పనక్కరలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడేళ్లు దాటినవారిలో అక్షరాస్యులు 67 శాతం. అనగా ముగ్గురిలో ఒకరికి ఏ బోర్డూ పనికిరాదు. దీనికి తోడు భాష. సికింద్రాబాదు లాలాగూడలోని రైల్వే కేంద్ర ఆసుపత్రికి నాందేడు డివిజను నుండి మరాఠీ మాట్లాడే కుటుంబాలు వస్తాయి. చెన్నై పెరంబూరు ఆసుపత్రికి తమిళులతో పాటు మలయాళీలు, తెలుగువారు వెళతారు. బదిలీల ఉద్యోగం చేసే మన కుటుంబాలకు పరభాషా ప్రాంతపు ఆసుపత్రి కొత్త కాదు.

ఈ స్థితికి చౌకగా, గౌరవప్రదంగా ఒక పరిష్కారం ఉన్నదని మా అభిప్రాయం. ఆసుపత్రిలోని ఒక్కొక్క విభాగానికి ఒక్కొక్క ప్రకృతి ఛాయాచిత్రాన్ని గుర్తుగా నిర్ణయించవలెను. నరాల విభాగానికి నెమలి, ఎముకల విభాగానికి తాటిచెట్టు, కంటి విభాగానికి జింక అనుకొందాము. గేటు వద్ద, చీటీల కౌంటరు వద్ద, ప్రతి మలుపులో, మెట్ల వద్ద, లిఫ్టు వద్ద, చివరకు వైద్యుని తలుపు మీద అదే నెమలి కనబడవలెను. రోగి చేతిలోని చీటీ మీద కూడా అదే నెమలి అచ్చు కావలెను. అప్పుడు దారి చెప్పేవాడు “నెమలి బొమ్మ వెంట వెళ్ళండి” అంటే చాలును. ఆ మాట ఏ భాషలో చెప్పినా, చీటీ మీది బొమ్మ చూపిస్తే అర్థం కాకపోదు. మూత్రపిండం పటాన్ని గుర్తుపట్టలేని పల్లెవాసి నెమలిని గుర్తుపట్టలేకపోడు. దేవుళ్ళ పటాలు పెడితే ఒకరికి భక్తి, మరొకరికి అభ్యంతరం. చెట్టూ పిట్టా అందరివీ.

ఇది వింత ఆలోచన కానే కాదు. మన తపాలా సోదరులకు ఇది నిత్యం చేసే పనే. ఒకే పేరు గల ఊళ్ళు అనేకం, చిరునామాలు వ్రాసే భాషలు అనేకం కావడం వల్ల సార్టింగులో కలుగుతున్న గందరగోళాన్ని తీర్చడానికే 1972 ఆగస్టు 15న పిన్ కోడ్ అమలులోకి వచ్చినది. ఆరు అంకెలలో మొదటిది ప్రాంతాన్ని, రెండవది ఉపప్రాంతాన్ని, మూడవది సార్టింగు జిల్లాను, చివరి మూడు అంకెలు బట్వాడా చేసే తపాలా కార్యాలయాన్ని సూచిస్తాయి. చిరునామా వ్రాసిన భాష రాని సార్టరు చేతిలో పడినా ఉత్తరం తన దారిన తాను పోతుంది. ఆసుపత్రికీ ఇటువంటి క్రమమే కావలెను: మొదట బ్లాకు, తరువాత అంతస్తు, ఆ తరువాత గది. కాగితపు ఉత్తరానికి కల్పించిన ఈ సౌకర్యం ప్రాణమున్న మనిషికి ఎందుకు కల్పించరాదు?

1951–52 మొదటి సార్వత్రిక ఎన్నికలలో కోట్లాది నిరక్షరాస్యులు ఓటు వేయగలిగినది గుర్తుల సహాయంతోనే. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, పెట్టె మీద గుర్తు. 1969లో మెక్సికో నగరంలో భూగర్భ రైలు మార్గం ప్రారంభించినప్పుడు, చదువురాని ప్రయాణికుల సౌకర్యార్థం ప్రతి స్టేషనుకు ఒక బొమ్మను కేటాయించినారు. చాపుల్టెపెక్ స్టేషనుకు మిడత గుర్తు. అక్కడి ప్రజల పూర్వభాషలో ఆ పేరుకు మిడతల గుట్ట అని అర్థం. లండను నగరంలోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో వార్డులకు ఏనుగు, సింహం, ఎలుగుబంటి వంటి పేర్లు ఉన్నవి. రోగపు పేరు పలకలేని బిడ్డ కూడా తన వార్డు పేరు చెప్పగలదు.

అయితే ఒక హెచ్చరిక అవసరం. అందమైన పటాలను గోడలకు వ్రేలాడదీసినంత మాత్రాన దారి ఏర్పడదు. ఇది సిగ్నలు వ్యవస్థ వంటిది. సిగ్నలు ఎక్కడ పడితే అక్కడ ఉండదు. డ్రైవరు నిర్ణయం తీసుకోవలసిన చోటికి ముందుగానే కనబడుతుంది. దాని అర్థం స్టేషనుకొక విధంగా మారదు. చిత్రాలకూ ఇదే సూత్రం. దారి రెండుగా చీలే ప్రతి చోటా చిత్రం ఉండవలెను. ఒక మలుపులో నెమలి కనబడి, తరువాతి మలుపులో కనబడకపోతే రోగి మొదటికంటె ఎక్కువ గందరగోళంలో పడతాడు. కేవలం రంగు గీతల మీద ఆధారపడడమూ ప్రమాదమే. రైల్వేలో రంగుల చూపు పరీక్షలో తప్పి, మెడికల్ కేటగిరీ కోల్పోయిన సోదరులకు ఈ సంగతి అనుభవపూర్వకంగా తెలుసు. పగలు చేయి వాలు, రాత్రి దీపం అని పాత సెమాఫోరు సిగ్నలుకు రెండు భాషలు నేర్పినవారు మన పూర్వులు. కనుక చిత్రం, రంగు, అంకె, సులభమైన తెలుగు మాట — నాలుగూ కలిసి ఉండవలెను. ‘న్యూరాలజీ’ క్రింద ‘నరాల జబ్బులు’ అని వ్రాయడానికి ఏ బడ్జెటు అడ్డు వస్తుంది?

చిత్రాల ఎంపికలోనూ వివేకం కావలెను. రెండు కొండలు, రెండు జలపాతాలు ఒకదానికొకటి వలె ఉంటాయి. కనుక దృశ్యాలకంటె ఒకే ఒక ప్రాణి గాని, చెట్టు గాని, పువ్వు గాని మేలు. గుడ్లగూబ, రాబందు, మోడువారిన చెట్టు ఎంత కళాత్మకంగా ఉన్నా ఆసుపత్రికి తగవు. గుండె జబ్బుల వార్డు ముందు అస్తమిస్తున్న సూర్యుని పటం చూచి ఏ ఇల్లాలు ధైర్యంగా లోపలికి అడుగు పెడుతుంది? తామరపువ్వు, ఏనుగు, ఉదయిస్తున్న సూర్యుడు రాజకీయ పక్షాల గుర్తులు. 2012లో ఉత్తరప్రదేశ్ ఎన్నికల వేళ ఉద్యానవనాలలోని రాతి ఏనుగులకు ఎన్నికల సంఘం ముసుగులు వేయించినది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన ఎముకల విభాగానికి ముసుగు పడకుండా చూచుకోవడం మంచిది. చిత్రం పెద్దదిగా, నేపథ్యం ఖాళీగా, మెరుపు లేకుండా ఉండవలెను. శుక్లాలు కమ్మిన కంటికి అద్దం చట్రంలోని పటం వెలుగు తప్ప మరేమీ చూపదు. చక్రాల కుర్చీలో కూర్చున్నవారికి సైతం కనబడే ఎత్తున ఉండవలెను.

ఈ చిత్రాలను ఏ విదేశీ క్యాలెండరు నుండో తేనక్కరలేదు. ఆకివీడు పరిసరాలలో పనిచేసే సోదరులకు కొల్లేటి గూడబాతులు తెలుసు. సూళ్ళూరుపేట స్టేషనువారికి పులికాట్ రాజహంసలు తెలుసు. దిగువమెట్ట దాటి నల్లమల గుండా వెళ్ళే గార్డుకు అడవి తెలుసు. ఫాల్గుణ మాసంలో విరగబూసిన మోదుగుచెట్టు క్రింద సైకిలు ఆపి సేద తీరే గ్రామీణ డాక్ సేవకునికి ఆ ఎరుపు తెలుసు. నేడు మన ఉద్యోగులలో చాలామంది చేతిలో మంచి కెమెరా గల ఫోను ఉన్నది. వారు తీసిన చిత్రాల నుండే ఎంపిక చేసి, తీసినవారి పేరు, ఉద్యోగం, ఊరు క్రింద అచ్చు వేయవలెనని మా సూచన. తన బీటులోని చెట్టు బొమ్మే తనను వైద్యుని వద్దకు నడిపిస్తే ఆ కీమాన్‌కు ఆసుపత్రి పరాయిదిగా తోచదు.

ప్రకృతి దృశ్యం రోగికి మేలు చేస్తుందనడానికి కూడా ఆధారం లేకపోలేదు. 1984లో రోజర్ ఉల్రిక్ అనే పరిశోధకుడు ప్రకటించిన పరిశీలన ప్రసిద్ధమైనది. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషను జరిగిన 46 మందిలో, కిటికీ గుండా చెట్లు కనబడినవారు సగటున 7.96 రోజులకు ఇల్లు చేరినారు. ఇటుక గోడ కనబడినవారికి 8.70 రోజులు పట్టినది. అది కిటికీని గురించిన పరిశీలనే గాని పటాన్ని గురించినది కాదు. కనుక మేము ఛాయాచిత్రాన్ని మందుగా ప్రచారం చేయబోము. అది దారి చూపితే చాలును.

“వైద్యులు లేరు, మందులు లేవు, ఈ బొమ్మల గొడవ ఎందుకు?” అని కొందరు మిత్రులు ప్రశ్నించవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. కాని దారి చెప్పడం కూడా శ్రమే, ఆ శ్రమ ఎవరి లెక్కలోకీ రావడం లేదని మేము గుర్తు చేయదలచినాము. 1990లో అమెరికాలోని అట్లాంటా నగరంలో ఎమరీ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో జరిపిన పరిశీలనలో, సమాచార విభాగంవారు గాక ఇతర సిబ్బంది దారి చెప్పడానికి ఏటా 4,500 గంటలకు పైగా వెచ్చిస్తున్నట్లు తేలినది. అది ఇద్దరు మనుషుల పూర్తికాలపు ఉద్యోగానికి మించిన పని. మన ఆసుపత్రులలో ఆ భారం మోస్తున్నది నర్సులు, డ్రస్సర్లు, అటెండర్లు, సఫాయి కార్మికులు. ఇంజక్షను చేతిలో పట్టుకొన్న నర్సును ఆపి ఎక్స్‌రే గది ఎక్కడ అని అడగవలసి రావడం రోగి తప్పు కాదు, విసుక్కోవడం నర్సు తప్పు కాదు. తప్పు గోడది, ఆ గోడను అట్లే వదలిపెట్టిన యాజమాన్యానిది.

అయితే బొమ్మలు పెట్టినామన్న నెపంతో సహాయ కేంద్రంలోని పోస్టును రద్దు చేస్తే మేము అంగీకరించము. చూపు లేనివారికి ఏ చిత్రమూ దారి చూపదు. చేయి పట్టుకొని నడిపించే మనిషే కావలెను. మొబైలులో మ్యాపు ఉన్నదని చెప్పి వృద్ధులను వదిలించుకోవడమూ తగదు. మనిషికి బదులుగా చిత్రాన్ని పెట్టడానికి కాక, మనిషి శ్రమ తగ్గించడానికే ఈ సూచన.

కావున ఈ క్రింది కోర్కెలను రైల్వేలో పి.ఎన్.ఎం. సమావేశాలలోను, తపాలాలో జె.సి.ఎం. సమావేశాలలోను చేర్చవలసినదిగా శాఖలకు విజ్ఞప్తి చేస్తున్నాము.

(1) మన ఉద్యోగులు, పింఛనుదారులు వెళ్ళే ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో విభాగానికొక ప్రకృతి చిత్రాన్ని నిర్ణయించి, గేటు నుండి తలుపు వరకు, చీటీ మీద సహా, ఒకే విధంగా ఉపయోగించవలెను.

(2) ప్రతి బోర్డు మీద వైద్య పదంతో పాటు స్థానిక భాషలో అర్థమయ్యే మాట వ్రాయవలెను.

(3) ఏర్పాటు చేయడానికి ముందు చదువురాని రోగులచేత, వృద్ధులచేత నడిపించి పరీక్షించవలెను. ఆ పరీక్షలో యూనియను ప్రతినిధులు, ఆసుపత్రి సిబ్బంది ఉండవలెను.

(4) ఖర్చును వైద్య విభాగమే భరించవలెను. ఉద్యోగుల సంక్షేమ నిధిని ముట్టరాదు.

(5) సహాయ కేంద్రాలలోని ఖాళీలను వెంటనే భర్తీ చేయవలెను.

మేము పైన పేర్కొన్న కీమాన్ ఆ రాత్రి తిరుగు రైలు ఎక్కినాడు. మరొక తేదీకి చీటీ ఇచ్చినారు. మరల ఒక రాత్రి ప్రయాణం, మరల భార్య తోడు, మరల అదే వరండా. ముప్పై ఏళ్ళు మన రైళ్ళు దారి తప్పకుండా కాచిన మనిషికి ఒక నెమలి బొమ్మ కట్టించి ఇవ్వలేని సంస్థలు తమను తాము సంక్షేమ సంస్థలమని చెప్పుకోరాదు. ఆయన రెండవసారి వచ్చేలోగా ఆ గోడలు మాట్లాడేటట్లు చేయడం మన బాధ్యత.