దారిలో దిగనిద్దాం

చైనా 2013లో బీజింగ్, షాంఘైలలో 72 గంటలతో మొదలుపెట్టిన వీసా లేని మజిలీ సదుపాయాన్ని అంచెలంచెలుగా పెంచి, 2024 డిసెంబరులో 240 గంటలు చేసింది. అమెరికా పాస్‌పోర్టున్న తెలుగువాళ్లు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఇంటికొస్తూ షాంఘైలో దిగి, సుజౌ తోటలు, హాంగ్జౌ సరస్సు తీరిగ్గా చూసి రావచ్చు. కావలసింది మూడో దేశానికి తేదీ, సీటు ఖరారైన టికెట్టు. బయల్దేరిన దేశానికే నేరుగా తిరిగిపోతామంటే కుదరదు. గడువు లెక్క కూడా దిగిన రోజు అర్ధరాత్రి దాటాకే మొదలవుతుంది. వచ్చినవాళ్లు వెళ్లకపోతే ఎలా, భద్రత మాటేమిటి అన్న భయం సహజమే. అయితే అక్కడ అదుపు లేకపోలేదు: తిరగదగిన ప్రాంతాలకు హద్దులున్నాయి, బస వివరాలు హోటలే పోలీసులకు నమోదు చేస్తుంది, హోటల్లో దిగనివాళ్లు 24 గంటల్లో తామే వెళ్లి చెప్పుకోవాలి. ఆ భయమే నిజమై ఉంటే పన్నెండేళ్లలో గడువు తగ్గేది, ఇలా మూడింతలు దాటేది కాదు. భారత పాస్‌పోర్టు ఆ 240 గంటల జాబితాలో లేదు. మనకు దక్కేది 24 గంటలే. అది బాధాకరమే గానీ, మన ఇల్లూ చూసుకోవాలి. మన దేశానికొచ్చే విదేశీయులకు ఈ-వీసా ఉందిగా అంటారు. రెండు రోజుల విరామం కోసం దరఖాస్తు నింపి, రుసుము కట్టి, జవాబు కోసం ఎదురుచూసేవారెందరు? మనమూ ముందుగా శంషాబాద్‌లోనైనా వీసా లేకుండా 72 గంటలు అనుమతించి చూడాలి. గోల్కొండ, చార్మినార్ చూడటానికి అవి చాలు.