వైరు తెగితే సెన్సర్‌ని తిట్టకండి

పోయిన వారం మాగాయ టెంకల సంగతి రాశాను కదా. ఈ వారం ఇంగువ నిల్వ గురించి రాద్దామని కూర్చున్నాను గానీ మనసంతా కారు మీదే ఉంది. వంటింటి పేజీలో కారు గోలేమిటని విసుక్కోకండి. పోపుల డబ్బాలో దాచిన డబ్బులు ఎలా పోతాయో ఇందులో ఉంది.

మావారిది వేరే ఊళ్లో ఉద్యోగం. అత్తయ్యగారికి పక్షవాతం వచ్చినప్పటి నుంచీ వారానికి మూడుసార్లు తెనాలి నుంచి గుంటూరుకి ఫిజియోథెరపీకి నేనే కారులో తీసుకెళ్తున్నాను. సంక్రాంతికి మా ఆడపడుచు వచ్చి ఆవిడని తనింటికి తీసుకెళ్లడంతో కారు పది రోజులు షెడ్డులోనే పడి ఉంది. మళ్లీ బయటికి తీసిన కొద్ది రోజులకే ఇంజను బొమ్మతో పసుపు దీపం వెలిగింది. పెట్రోలు కూడా ఎక్కువ తాగుతోంది.

గ్యారేజీలో స్కానర్ పెట్టి చూసి, "పి 0135 వచ్చింది మేడం, ఆక్సిజన్ సెన్సర్ పోయింది" అన్నారు. అమ్మాయి హాస్టల్ ఫీజుకని తీసి ఉంచిన దాంట్లోంచి 6,800 రూపాయలు ఇచ్చాను. దీపం ఆరింది. నాలుగు రోజులు తిరక్కుండా మళ్లీ వెలిగింది. మళ్లీ అదే నెంబరు. "వెనకాల ఇంకో సెన్సర్ ఉంటుంది, అదీ మార్చాలి" అన్నారు. ఆ రాత్రి అత్తయ్యగారు, మాట సరిగ్గా రాకపోయినా, "ఇంక ఆ వైద్యం మానేద్దాంలే అమ్మా" అన్నారు. నాకు అన్నం సయించలేదు.

మా వీధి చివర కార్లకి వైరింగు పనులు చేసే పెద్దాయన ఉన్నారు. ఆయన దగ్గరికెళ్లి చెప్పుకుంటే, "ఆ నెంబరు సెన్సర్ పోయిందని చెప్పదమ్మాయ్. ముందు సెన్సర్ హీటరు దారిలో తేడా ఉందంటుంది. దారంటే సెన్సరూ, వైరూ, ఫ్యూజూ అన్నీ. వెనక దాని హీటరుకైతే పి 0141 రావాలి" అన్నారు.

అసలు ఆ సెన్సర్ పనేమిటంటారా? మనం పులుసు మరుగుతుంటే ఉప్పు చూసినట్టు, అది ఇంజను పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని చూస్తుంది. పెట్రోలు ఎక్కువైతే 0.8 వోల్టుల దాకా, తక్కువైతే 0.2 దాకా కబురు పంపుతుంది. ఆ కబురుని బట్టి కంప్యూటరు పెట్రోలు సర్దుతుంది. అయితే సెన్సర్ మూడొందల డిగ్రీల పైన వేడెక్కితేగానీ పని చెయ్యదు. త్వరగా వేడెక్కడానికే లోపల హీటరు. మా కారు సెన్సర్‌కి నాలుగు వైర్లు: తెల్లవి రెండూ హీటరువి, నల్లది కబురుది, బూడిద రంగుది దాని జోడీ. అన్ని కార్లకీ ఇవే రంగులు ఉండవు, వైర్లు ఎక్కువున్న సెన్సర్లూ ఉన్నాయి.

ఇంజను చల్లగా ఉండగా ఆయన ముందు ఫ్యూజు చూశారు, బాగుంది. సెన్సర్ ప్లగ్గు ఊడదీసి తెల్ల వైర్ల మధ్య మీటరు పెడితే 6 ఓములు చూపించింది. నేను పాత సామాను పారేసే రకం కాదు, గ్యారేజీ నుంచి పాత సెన్సర్ అడిగి తెచ్చుకున్నాను. దానికీ మీటరు పెట్టమన్నాను. అదీ 6 ఓములే! హీటరు తెగిపోయుంటే మీటరు అసలు కదలదట. ఇంటర్ ఎంపీసీలో చదివిన ఓము ఇన్నేళ్లకి అక్కరకొచ్చిందని నవ్వాలో, ఏడవాలో తెలియలేదు.

తర్వాత ఇంజను స్టార్ట్ చేసి, ప్లగ్గులో కారు వైపు వచ్చే హీటరు వైరుకి మీటరు పెట్టారు. 12 వోల్టులకి పైనే ఉంది. వైరు కూడా బాగుందనుకుని నేను నీరసపడ్డాను. ఆయన మాత్రం ఒక ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు కట్టి, ఒకటి ఆ వైరుకీ ఇంకోటి బ్యాటరీ మైనస్‌కీ తగిలించారు. బల్బు గుడ్డి దీపంలా వెలిగింది! మీటరు కరెంటు లాగదు కాబట్టి ఒక్క పోగు ఆనినా వోల్టులు చూపిస్తుందట. బల్బు కరెంటు లాగేసరికి గుట్టు బయటపడింది.

ఇంజను ఆపి వైరు వెంట తడుముకుంటూ వెళ్తే, ప్లాస్టిక్ గొట్టం చాటున ఎలుక కొరికిన చోటు దొరికింది. మిగిలింది రెండు పోగులు, వాటికీ చిలుము పట్టింది. బ్యాటరీ వైరు విప్పి, పాడైన ముక్క కోసేసి, అంతే లావు కొత్త వైరు ముక్క వేసి, రెండు చివరలా ఇత్తడి తొడుగులు బిగించి నొక్కి, పైన వేడికి ముడుచుకునే గొట్టం వేశారు. సైలెన్సరు పైపుకి తగలకుండా క్లిప్పులో పెట్టారు. ఇక్కడొక మాట. సెన్సర్ నుంచి వచ్చే సొంత వైర్లు తెగితే టంకం వెయ్యకూడదట. చాలా సెన్సర్లు ఆ వైరు పోగుల సందుల్లోంచే బయటి గాలి తీసుకుంటాయి. అందుకే ఆ ప్లగ్గులో గ్రీజు, స్ప్రే లాంటివి కూడా కొట్టకూడదు.

350 రూపాయలు తీసుకున్నారు. కొత్త సెన్సర్‌ని గ్యారేజీ వాళ్లు వాపసు తీసుకోలేదు. పాతది చీరల బీరువాలో భద్రంగా ఉంది.

మీకూ ఆ దీపం వెలిగితే నెంబరు కాగితం మీద రాయించుకోండి. "వైరుకి బల్బు పెట్టి చూశారా?" అని అడగండి. పాత సామాను వెనక్కి తెచ్చుకోండి. షెడ్డులో ఉన్న బియ్యం బస్తాని నేను లోపలికి మార్చేశాను, ఎలుక దాని కోసమే వచ్చింది.

నెల దాటింది, దీపం మళ్లీ వెలగలేదు. మొన్న మంగళవారం అత్తయ్యగారు వాకరు పట్టుకుని కారు దాకా తనే నడిచొచ్చారు. ఇంగువ సంగతి వచ్చే వారం.