అరవై దాటాక గట్టి సామానా?

"ఈ వయస్సులో మాకు గట్టి సామానెందుకమ్మా, యెన్నాళ్ళుంటాం గనక!" అంటూ హిందూపురం, పెనుకొండ అంగళ్ళలో చవక సామాను యేరుకునే పెద్దవాళ్ళున్నారు.

ధర్మవరం వెళ్ళి చూడండి. గుంటమగ్గం తండ్రినాటిది కావచ్చు, కొడుకునాటికీ మిగలవచ్చు. తన ఆయుష్షు లెక్కకట్టి యే నేతగాడూ మగ్గం కొనడు. చవక కుక్కరు యేడాదికే మూలపడితే, మోకాళ్ళ నొప్పులతో మళ్ళీ బజారుకు తిరగవలసింది మనమే కదా!

అయితే గట్టిదంటే బరువైనదని కాదు. 15 లీటర్ల బిందెలో నీళ్ళే 15 కిలోలు. ఇత్తడి బరువు వేరే. దానికన్నా రెండు చిన్న బిందెలు మేలు. గ్రైండరయితే రాయి యెత్తనక్కరలేకుండా, వంచితే పిండి జారే రకం చూడండి. కుక్కరుకు ఐ.ఎస్.ఐ. ముద్ర వుండాలి. దాని రబ్బరు, సేఫ్టీవాల్వు మన వూళ్ళోనే దొరుకుతాయా అని ముందే అడగండి. రసీదు భద్రంగా దాచండి.

అంగట్లో సిగ్గుపడకుండా ప్రతి వస్తువూ చేత్తో యెత్తి చూడండి. మన తరవాత మిగిలిన గిన్నెలో కోడలు వండుకుంటుంది, నష్టమేమీ లేదు. మనముండగా మన నడుము విరిచే గిన్నె మాత్రం వద్దు.