ఉప్పు నీళ్ళు, మెంతి గింజలు

ఈ నెల మీకు నాలుగు గాజు గ్లాసులు, గుప్పెడు మెంతులు, కాస్త దూది, కొంచెం ఉప్పు కావాలి. ముందు లేచి వెళ్ళి మెంతులు నీళ్ళలో నానబెట్టి రండి. రేపు వాటితో పని ఉంది. తర్వాత కూర్చుని చదవండి.

మనలో చాలామంది తెలుగు గుడిలో నేర్చుకున్నాం. నేనూ అంతే. డర్బన్ దగ్గర ఒక గుడి వెనక, రేకుల గదిలో, శనివారం మధ్యాహ్నాలు. ఆ తెలుగులో దీపం ఉంది, హారతి ఉంది, ప్రసాదం ఉంది. నాగలి లేదు. నారు లేదు. కలుపు లేదు. ఆలోచిస్తే ఇది విచిత్రం. మనవాళ్ళను ఓడ ఎక్కించిందే పొలం పని కోసం కదా! 1860 నవంబరు 16న ట్రూరో ఓడలో మద్రాసు నుంచి డర్బన్ చేరినవాళ్ళు చెరకు తోటల కోసం వచ్చారు. మారిషస్, ఫిజీ కథ కూడా చెరకు కథే. నాటాల్‌లో గిర్మిట్ ముగిశాక చాలామంది చిన్న చిన్న ముక్కలు కౌలుకు తీసుకుని, కూరగాయలు పండించి అమ్ముకున్నారు. (కౌలు అంటే ఇతరుల భూమిని డబ్బు కట్టి సాగు చేసుకోవడం.) రోజంతా వాళ్ళ నోట్లో ఉన్నవి మట్టి మాటలు. మనదాకా వచ్చినవి పండుగ మాటలు.

ఇప్పుడు నేను బహ్రెయిన్‌లో టీచర్‌ని. వారమంతా బడిలో సైన్సు చెబుతాను. శుక్రవారం ఉదయం మా ఇంటి హాల్లో పన్నెండుమంది పిల్లలకు తెలుగు చెబుతాను. ఒకరోజు అడిగాను: "ఉల్లిపాయ ఎక్కడి నుంచి వస్తుంది?" "లులు నుంచి" అన్నారు అందరూ ఒకేసారి. వాళ్ళను తప్పు పట్టలేం. ఈ దేశంలో వాన ఏడాదికి సగటున సుమారు 80 మిల్లీమీటర్లు. డర్బన్‌లో దాదాపు 1000 మిల్లీమీటర్లు పడుతుంది. ఇక్కడ తినేవాటిలో ఎక్కువ భాగం ఓడలో, విమానంలో, సౌదీ వంతెన మీద లారీలో వస్తుంది. పొలం కంటికి కనబడదు. కనబడని దాని పేరు పిల్లవాడికి ఎందుకు గుర్తుంటుంది?

అందుకని చేతులతో మొదలుపెట్టాం.

తెలిసిన చోటు నుంచే మొదలుపెట్టాం, అంటే గుడి నుంచి. పెద్ద ఉత్సవానికి ముందు అంకురార్పణ చేస్తారు, మీరు చూసే ఉంటారు. మట్టి తెచ్చి, పాలికలు అనే చిన్న మట్టి పాత్రల్లో నింపి, నవధాన్యాలు చల్లి, నీళ్ళు పోస్తారు. అంకురం అంటే మొలక. మంత్రాలు పక్కన పెట్టి చూడండి: అది చక్కని సైన్సు పాఠం. తొమ్మిది రకాల గింజలు, ఒకే మట్టి, ఒకే నీరు. ఏది ముందు మొలుస్తుంది? మా పిల్లలు పెరుగు డబ్బాల్లో చేశారు. పెసలు అందరికంటే ముందు వచ్చాయి. నువ్వులు బద్ధకంగా వచ్చాయి. ఆ రోజు నేర్చుకున్న మాటలు మూడు: మొలక, మట్టి, తడి. మూడు చాలు.

ఇప్పుడు మీ మెంతుల సంగతి. నాలుగు సీసాల్లో ఒక్కో లీటరు నీళ్ళు తీసుకోండి. మొదటిది మంచినీళ్ళు. రెండోదానిలో ఒక టీ చెంచా ఉప్పు కలపండి, పోగు లేకుండా చెంచా మట్టానికి. మూడోదానిలో రెండు చెంచాలు. నాలుగోదానిలో ఏడు చెంచాలు; అది ఇంచుమించు ఇక్కడి సముద్రం. గ్లాసుల్లో దూది పరిచి, ఒక్కో గ్లాసు ఒక్కో నీటితో తడిపి, ఇరవయ్యేసి నానిన మెంతులు పెట్టండి. గ్లాసు మీద అంకె రాయండి. పైన పళ్ళెం మూత పెడితే నీరు ఆరిపోదు. రోజూ ఉదయం మొలకలు లెక్కపెట్టి పుస్తకంలో తెలుగు అంకెల పేర్లతో రాయండి: పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది. పిల్లలకు పదకొండు నుంచి పంతొమ్మిది దాకా అంకెలు ఎప్పుడూ కష్టమే. ఈ పని వాటిని వదిలిపెట్టనివ్వదు.

మా హాల్లో అయిదో రోజుకు మొదటి గ్లాసులో పచ్చని ఆకులు వచ్చాయి. రెండోదానిలో మొలకలు పొట్టిగా ఉన్నాయి. మూడోదానిలో కొన్ని తెల్లని ముక్కులు బయటపెట్టి ఆగిపోయాయి. నాలుగోదానిలో గింజలు ఎలా పెట్టామో అలాగే ఉన్నాయి. ఒక పాప నాలుగో గ్లాసు దగ్గర నిలబడి, "నీళ్ళు ఉన్నాయి కదా, ఎందుకు తాగడం లేదు?" అంది. ఉప్పు ఎక్కువైతే నీరు గింజలోకి వెళ్ళడం కష్టమవుతుంది. చుట్టూ నీళ్ళే, గింజకు మాత్రం దాహం.

ఇది బహ్రెయిన్ కథ కూడా. అరబిక్‌లో బహ్రెయిన్ అంటే రెండు సముద్రాలు. ఒకప్పుడు ఈ దీవిలో తియ్యని ఊటలు చాలా ఉండేవి. ఊట అంటే భూమిలోంచి తనంతట తానే పైకి వచ్చే నీరు. సముద్రం అడుగున కూడా మంచినీటి ఊటలు ఉండేవి. ముత్యాల కోసం మునిగేవాళ్ళు తోలు సంచుల్లో ఆ నీటిని పట్టి పైకి తెచ్చేవారు. ఈ నీరు సౌదీ వైపు నుంచి నేల కింది రాతి పొరల్లో ప్రవహించి వస్తుంది. దాని చలవతోనే ఉత్తరాన ఖర్జూర తోటలు పెరిగాయి. తర్వాత బోర్లు పెరిగాయి, మనుషులు పెరిగారు. తోడిన నీరు ఎక్కువ, చేరే నీరు తక్కువ. అదారీ వంటి పేరున్న ఊట కూడా ఎండింది. ఖాళీ అయిన చోటుకు ఉప్పు నీరు వచ్చింది. ఇప్పుడు తాగే నీరు చాలావరకు సముద్రపు నీటిలోంచి ఉప్పు తీసి చేసినది. కొన్ని పొలాలకు తుబ్లీలో శుద్ధి చేసిన మురుగునీరు పారుతుంది. మా పిల్లలు "ఛీ" అన్నారు. తర్వాత మూడో గ్లాసు వైపు చూసి ఊరుకున్నారు.

ఉప్పు చేరిన నేలకు తెలుగులో ఒక మాట ఉంది: చౌడు. చౌడు నేల. పుస్తకంలో రాసుకోండి. ఈ దీవికి ఇంతకంటే పనికొచ్చే తెలుగు మాట నాకు కనబడలేదు.

చౌడును బాగా ఓర్చుకునే చెట్టు ఖర్జూరం. మన ఊళ్ళలో కల్లు తీసే ఈత చెట్టు దానికి చెల్లెలు లాంటిది. ఖర్జూరంలో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. చలికాలం పోతున్నప్పుడు రైతు మగ పూల రెమ్మలు కోసి, ఆడ గెలల మధ్య పెట్టి కడతాడు. అంటే ప్రతి ఏడూ ప్రతి చెట్టూ ఎక్కాలి. పిల్లలతో దీన్ని కాగితం పూలు, పసుపు రంగు సుద్దపొడితో చేయించాను. ఇల్లంతా పసుపైంది. బహ్రెయిన్ కోటలో, అంటే ఖలాత్ అల్ బహ్రెయిన్‌లో, మద్‌బసా అనే పాత గది ఉంది. నేల మీద గాళ్ళు గాళ్ళుగా కాలువలు ఉంటాయి. ఖర్జూరం బస్తాలు ఒకదాని మీద ఒకటి పేర్చితే, బరువుకు పాకం కారి ఆ కాలువల్లోంచి కుండలోకి చేరేది. అది చూసి వచ్చి మెత్తని ఖర్జూరాలు గుడ్డలో కట్టి, జల్లెడలో పెట్టి, పైన రాయి పెట్టి, ఎండ తగిలే కిటికీలో ఉంచాం. కారినవి కొన్ని చుక్కలే. కానీ ఆ చుక్కలను పన్నెండుమంది పంచుకున్నారు.

జనవరిలో ఒక శనివారం బుదయ్యా వెళ్ళాం. అక్కడి బొటానికల్ గార్డెన్‌లో చలికాలం శనివారాల్లో రైతుల సంత జరుగుతుంది. టమాటా, ముల్లంగి, పుదీనా అన్నీ ఈ నేల మీద పండినవే. మెంతికూరను అరబిక్‌లో హుల్బా అంటారని పిల్లలే అడిగి తెలుసుకున్నారు. అసలు పాఠం మాత్రం ఆ తర్వాత, దారిలో ఉన్న ఒక తోటలో జరిగింది. అక్కడ పనిచేసే ఒకాయన జగిత్యాల వైపు మనిషి. మా తెలుగు విని దగ్గరికి వచ్చాడు. టమాటా నారు పీకి నాటనిచ్చాడు. (నారు అంటే ఒకచోట ఒత్తుగా మొలిపించి, తర్వాత పీకి వేరేచోట నాటే లేత మొక్కలు.) "పైలం బిడ్డా, వేర్లు తెగుతయి" అన్నాడు. పైలం అంటే జాగ్రత్త. గుడి పుస్తకాల్లో నేను ఎప్పుడూ చూడని మాట. ఆయన ఉల్లిగడ్డ అంటాడు, మనం ఉల్లిపాయ అంటాం. ఆయన బాయి అంటాడు, మనం బావి అంటాం. రెండూ తెలుగే. పక్కపక్కన రాసుకోండి, ఒకదాన్ని కొట్టేయకండి.

ఒక అబ్బాయి అడిగాడు: "అన్నా, మీ ఊళ్ళో పొలం ఉందా?" రెండెకరాలు ఉందట. ఆయన ఇక్కడ ఉంటే అది ఎవరు చూస్తారు? భార్య, తల్లి. ఫోన్ తీసి చూపించాడు. ఆడవాళ్ళు మట్టిలోంచి ఏవో కొమ్ములు తవ్వుతున్నారు. అల్లం అనుకున్నారు పిల్లలు. "పసుపు" అన్నాడాయన.

పసుపు! మా పిల్లలందరికీ పుట్టినప్పటి నుంచి తెలిసిన మాట. గడపకు రాసేది, అక్షతల్లో కలిపేది. అది నేల కింద పెరుగుతుందని, తవ్వాలని, ఉడకబెట్టి ఎండబెట్టాలని ఎవరూ చెప్పలేదు. ఒక మనిషి తన పొలం వదిలి, ఇంకొకరి చౌడు నేలలో టమాటా పెంచుతూ, ఇంటి పసుపును ఫోన్‌లో చూసుకుంటున్నాడు. గిర్మిట్‌కీ దీనికీ తేడా చాలా ఉంది. మన ముత్తాతలకు తిరుగు టికెట్ మీద అంత నమ్మకమూ లేదు, ఫోనూ లేదు. అయినా ఆ తోటలో నాకు పాఠం చెప్పాలనిపించలేదు. పిల్లలను ఆయనతో మాట్లాడుకోనిచ్చి పక్కన నిలబడ్డాను.

వచ్చే నెలకు పని: అంగడిలో పచ్చి పసుపు కొమ్ము దొరికితే కొనండి. కన్ను ఉన్న ముక్క చూసి, కుండీలో రెండు అంగుళాల లోతున పెట్టండి. నీళ్ళు కొంచెమే పోయండి, ఎక్కువైతే కుళ్ళుతుంది. మొలకకు కొన్ని వారాలు పడుతుంది, పంటకు ఎనిమిది తొమ్మిది నెలలు. డర్బన్, ఫిజీ, మారిషస్‌లో ఉన్నవాళ్ళు సెప్టెంబరు, అక్టోబరుల్లో పెడితే మంచిది, అప్పుడు మీకు వేడి మొదలవుతుంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు మార్చిలో పెట్టి, మే నుంచి కుండీని నీడలోకి మార్చండి. మెంతులు ఈపాటికి నాని ఉంటాయి, నీళ్ళు ఒకసారి మార్చండి.