ఇయ్యాల ఎవరు రాలే?

గల్లీ ముచ్చట

హన్మకొండ పబ్లిక్ గార్డెన్‌లో పొద్దున ఆరున్నరకు మా సిమెంటు బెంచీ నిండుతుంది. షుగరు, డీఏ బకాయిలు, అల్లుడి వీసా అన్నీ ఆ తర్వాతే. మొదటి మాట మాత్రం రోజూ ఒక్కటే: ‘‘ఇయ్యాల ఎవరు రాలే?’’

నిరుడు పింఛను లైఫ్ సర్టిఫికెట్ కోసం మా బెంచీలో కూర్చునే లెక్కల సారు వెంట పోయిన. ముప్పై ఏళ్లకు పైగా సుద్దముక్క పట్టిన వేళ్లాయె, యంత్రం గుర్తుపట్టలేదు. కుడి బొటనవేలు, ఎడమ బొటనవేలు, తడిగుడ్డతో తుడిచి మళ్లీ చూపుడువేలు. ‘‘మ్యాచ్ అయితలేదు సార్, రేపు రండి’’ అన్నాడు కౌంటరు పిల్లగాడు. ‘‘ఎదురుంగ నిలబడ్డ గద బిడ్డా, ఇంకేం కావాలె?’’ అని సారు నవ్వాడు. ఇంటిదాకా మళ్లీ మాట్లాడలేదు. పెన్షనర్లకు తిరుగుడు తప్పాలనే కేంద్రం 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ తెచ్చింది. ఇప్పుడు ఫోన్లో ముఖం చూపినా చాలట. ఆ ఫోను ఎట్ల పట్టాలో చెప్పే సారు కొడుకు డాలస్‌లో ఉన్నాడు.

ముసలోళ్ల ఊరంటే గుర్తొచ్చింది: అమెరికాలోని అరిజోనాలో సన్ సిటీ అనే రిటైరైనవాళ్ల ఊరు 1960 జనవరి 1న మొదలైంది. అక్కడ మనవలు చుట్టపుచూపుగా రావాల్సిందే. మన హన్మకొండను ఎవరూ అట్ల కట్టలేదు, దానంతటదే అయింది. 1959లో రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ, మెడికల్ కాలేజీ, 1976లో కాకతీయ యూనివర్సిటీ, పక్కనే కాజీపేట జంక్షను. కొలువుకొచ్చినోళ్లు జాగా కొన్నారు, ఇల్లు కట్టారు, పిల్లలను చదివించారు. మరీ బాగా చదివించారు. ఇప్పుడు పై అంతస్తులో కిరాయిదారు, కింద ఇద్దరు ముసలోళ్లు.

హైదరాబాద్ నుంచి సీనియర్ లివింగ్ బ్రోచర్లు మా బెంచీదాకా వస్తున్నాయి. మంచం పక్కన గంట, పిలిస్తే నర్సు. స్తోమత ఉన్నోళ్లు పోతే తప్పేం లేదు. కాని మా బెంచీ చివర కూర్చునే పెద్దమనిషి కొత్తవాడలో జంపఖానాలు నేసినోడు. నెలకొచ్చే ఆ కొద్దిపాటి సర్కారు పింఛనుతో ఆయన ఏ గేటు దాటుతాడు?

మొన్న వానాకాలంలో సారు రెండు రోజులు రాలేదు. ముసురు కదా అనుకున్నాం మేం. జంపఖానాల మనిషి మాత్రం గొడుగేసుకుని పోయి తలుపు తట్టాడు. సారు బాత్రూంలో జారి, కాలు వాచి, లేవలేక మంచం మీదున్నాడు. ఆయన బతికే ఉన్నాడని సర్కారు దగ్గర కాయితం ఉంది. పడ్డాడని తెలుసుకున్నది మాత్రం పక్కన కూర్చునేటోడు.

అందుకే కార్పొరేషన్‌ను అడిగేది పెద్దదేం కాదు. ఆనుకోవడానికి వీపు ఉన్న బెంచీలు, పొద్దున తాళం తీసి ఉండే మరుగుదొడ్డి, నవంబరులో రెండు పూటలు పార్కులోనే ఒక సర్టిఫికెట్ బల్ల. ఒకరినొకరు కనిపెట్టుకునుడు మేం చూసుకుంటాం.

సారు చేతికర్రతో మళ్లీ వస్తున్నాడు. చెట్టుకు ఆనుకునే జాగా ఆయనకే వదిలేశాం. కూర్చోకముందే వేలు చూపిస్తూ లెక్కపెడతాడు. ‘‘ఏడుగురమే ఉన్నం. ఎనిమిదోడేడి?’’

– హన్మకొండ వాసి