పెట్టె ఖరీదా, రైలు ఖరీదా?

మొన్న శుక్రవారం గుంటూరు నుంచి మా బావగారు ఫోన్ చేశారు. "నీ దగ్గర పాత హార్న్‌బీ రైలుందిగా, నెట్‌లో లక్ష చెబుతున్నారు. అమ్మేయకూడదూ?" అని.

చెబుతున్నారు, నిజమే. చెప్పడానికేం? ఈబేలో 'అమ్ముడైనవి' మాత్రమే చూపించమంటే అసలు బండారం బయటపడుతుంది. చెప్పే ధరకీ బేరం తెగే ధరకీ తేడా సంతలో గేదెల బేరగాడికి తెలుసు. సాఫ్ట్‌వేరోళ్ళం, మనకే తెలీదు!

నాది హార్న్‌బీ డబ్లో. లివర్‌పూల్‌లోని మెకానో కంపెనీ 1938లో మొదలెట్టిన రకం. నా సెట్టు యాభైల నాటిది, మధ్యలో మూడో పట్టా ఉంటుంది. 1959లో వాళ్ళే రెండు పట్టాలకి మారారు. ఇవాళ్టి మామూలు ట్రాకు మీద నా ఇంజను నడవదు. వీటిని మోజుగా కొనేది ఎక్కువగా వీటితో పెరిగినవాళ్ళే. వాళ్ళకిప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ళు. వాళ్ళ అటకలే ఖాళీ అవుతుంటే ధర ఎక్కడ పెరుగుతుంది?

అంతకన్నా ఒళ్ళు మండే సంగతి ఇంకోటుంది. సేకర్తల లెక్కలో అసలు అట్టపెట్టె ఉండాలి, అసలు రంగు ఉండాలి, గీత పడకూడదు. అంటే ఏ పిల్లాడూ ముట్టని బొమ్మే మంచి బొమ్మ! ఇదేం న్యాయమండీ?

ఆ మాటలు నేనూ నమ్మాను, అదీ నా బాధ. 2009లో స్వదేశానికి వెళ్ళిపోతున్న ఓ ఇంగ్లీషాయన దగ్గర 40 రియాళ్ళకి కొన్నాను. అప్పుడు మావాడికి ఆరేళ్ళు. ఈ అల్ అమెరాత్‌లో చుట్టూ బోడికొండలే, రైలు కూత వినబడదు. వాడు ఆ పెట్టె చుట్టూ తిరిగేవాడు. "ముట్టుకోకు, రేటు పడిపోతుంది" అనేవాణ్ణి. ప్లాటు కొన్నట్టు బొమ్మ కొన్నాను మరి! వాడిప్పుడు ఉద్యోగంలో ఉన్నాడు. రైలు కావాలా అంటే నవ్వి ఊరుకున్నాడు.

డబ్బు అవసరమైతే అమ్ముకోండి, తప్పులేదు. అమ్ముడైన ధరలు చూడండి, కొత్త రంగు పూయకండి, లోపాలు దాచకండి. అంతేగానీ లక్షలొస్తాయని పిల్లల చేతులు కట్టేయకండి.

బావగారికి చెప్పేశాను. సంక్రాంతికి వస్తూ రైలు తెస్తున్నాను, మీ మనవడి కోసం. పెట్టె చింపేసినా సరే.