ఒమన్ ఎడారిలో కిక్కిస మడులు

ఒమన్‌లోని మనవాళ్లకు నిమ్ర్ అంటే చమురు క్షేత్రమే. అక్కడ చమురుతో పైకొచ్చే నీటిని కొల్లేటి కిక్కిస లాంటి గడ్డి మడుల్లోకి వదులుతారు. నీరు పల్లానికి పారుతుంటే వేళ్ల దగ్గరి సూక్ష్మజీవులు నూనెను తినేస్తాయి. నీటిని లోతు బావుల్లోకి తోసే కరెంటు ఆదా.

మన పటాన్‌చెరుకూ ఇదే మందా? చాలదంటాను. మందుల ఫ్యాక్టరీల మురుగులో అమ్మోనియా, సల్ఫేట్ ఉంటాయి. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియాకు గాలి కావాలి. ఆ నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా వదిలేవాటికి గాలి ఉండకూడదు. కానీ గాలి బొత్తిగా లేనిచోట సల్ఫేట్ నుంచి ప్రాణాలు తీసే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. అందుకే దశలవారీ శుద్ధి, కాపలా రెండూ తప్పవు.

నక్కవాగు రైతులు ఏళ్లతరబడి ఆ మురుగు భరించారు. నిమ్ర్‌లా, ఎవరి మురుగు వాళ్ల గడపలోనే శుద్ధి కావాలి.